ఇంట్లోనే రైఫిల్ చిన్న చిన్న పనులకి ముందుగా ఏ టూల్స్ కొనాలి? పెద్ద కిట్ తీసుకుంటే సరిపోతుందా?

కొత్తబెంచ్:

అందరికీ నమస్కారం. నా దగ్గర లైసెన్స్ ఉన్న పాత .22 బోల్ట్ యాక్షన్ (ప్రతిసారీ చేత్తో బోల్ట్ వెనక్కి లాగి మూసే) రైఫిల్ ఒకటి ఉంది. ఇన్నాళ్ళూ క్లీనింగ్ తప్ప ఏమీ ముట్టుకోలేదు, ఈమధ్య చిన్న పనులైనా నా చేత్తో నేనే చేసుకోవాలని గట్టిగా అనిపిస్తోంది. స్కోప్ బిగించాలి, ముందు సైట్ కొంచెం పక్కకి జరిగింది అది సరిచెయ్యాలి, చెక్క స్టాక్ మీద పాలిష్ పోయి ఎండిపోయినట్టు ఉంది దానికి మళ్ళీ నూనె పట్టించాలి, వీలైతే ట్రిగ్గర్ చాలా గట్టిగా ఉంది అదీ తేలిక చెయ్యాలి. పోయిన వారం స్టాక్ విప్పుదామని ఇంట్లో ఉన్న మామూలు స్క్రూడ్రైవర్ పెట్టి తిప్పితే జారిపోయింది, స్క్రూ గాడి ఒక పక్క చెదిరిపోయింది, పక్కన బ్లూయింగ్ (ఇనుము తుప్పు పట్టకుండా ఉండే నీలి నలుపు పూత) మీద గీత కూడా పడింది. చాలా బాధేసి అక్కడే ఆపేశా. ఇప్పుడు వందకి పైగా ముక్కలున్న గన్‌స్మిత్ కిట్ ఒకటి కొందామా, లేక విడివిడిగా కొనాలా? చిన్న రోటరీ గ్రైండర్ ఇంట్లో ఉంది, వైస్ లేదు.

ఇత్తడిసుత్తి:

బాధపడకండి బ్రదర్, స్క్రూ గాడి పాడవడం దగ్గరే మనందరం మొదలుపెట్టాం. అసలు కారణం ఏంటంటే మామూలు స్క్రూడ్రైవర్ కొన కింద సన్నగా, పైకి పోయేకొద్దీ మందంగా ఉంటుంది, తుపాకీ స్క్రూ గాడికేమో గోడలు నిటారుగా ఉంటాయి, అందుకని కొన గాడి అంచు దగ్గర మాత్రమే ఆనుతుంది, గట్టిగా తిప్పగానే పైకి తన్నుకొచ్చి జారిపోతుంది. గన్‌స్మిత్ బిట్లు హాలో గ్రౌండ్ అని వస్తాయి, వాటి కొన రెండు వైపులా సమానమైన మందంతో ఉంటుంది కాబట్టి గాడి అడుగుదాకా పూర్తిగా కూర్చుంటుంది. మందం సరిపోవాలి, వెడల్పు కూడా సరిపోవాలి, స్క్రూ తల కంటే వెడల్పైన బిట్ పెడితే పక్కన ఉన్న ఇనుము గీరుకుపోతుంది. మీ డబ్బంతా ఒకేచోట పెట్టాలంటే ఇక్కడ పెట్టండి. బ్రౌనెల్స్ వాళ్ళ మాగ్నా టిప్ లాంటి సెట్లలో ఒకే హ్యాండిల్‌కి రకరకాల మందాల బిట్లు మార్చుకోవచ్చు, ఇలాంటి సెట్ ఒకటి మంచిది తీసుకుంటే చాలా ఏళ్ళు వస్తుంది.

వంద ముక్కల కిట్ గురించి నా మాట: అందులో మీరు వాడేవి పది దాటవు, పైగా చవక కిట్లలో బిట్ల ఇనుము మెత్తగా ఉంటే మొదటి గట్టి స్క్రూకే కొన మెలితిరుగుతుంది. మీ రైఫిల్‌కి ఉన్న స్క్రూలు లెక్కపెట్టి, గాడులు క్యాలిపర్‌తో కొలుచుకుని దానికి తగ్గట్టు కొనుక్కోండి. అన్నట్టు ఆ క్యాలిపర్ కూడా కావాలి, 0.02 మిల్లీమీటర్ల దాకా చూపించే మామూలుది చాలు.

పాతరేంజ్:

పైన చెప్పినదానికి కలుపుతున్నా. ముందు సైట్ కోసం పంచ్‌లు కావాలి, ఇక్కడే చాలామంది తప్పు చేస్తారు. స్టీల్ పంచ్‌తో సైట్‌ని నేరుగా కొడితే గుంట పడుతుంది, ఇత్తడిదో నైలాన్‌దో వాడండి. ఇత్తడి పసుపు మరక వదులుతుంది, అది సాల్వెంట్‌తో తుడిస్తే పోతుంది కంగారుపడకండి. పిన్నులు తియ్యడానికి మాత్రం స్టీలే కావాలి, ముందు పొట్టిగా ఉండే స్టార్టర్ పంచ్‌తో పిన్ను కదిలించి ఆ తర్వాత పొడుగు పంచ్‌తో బయటికి తొయ్యాలి, మొదట్లోనే పొడుగు సన్నది పెట్టి కొడితే వంగిపోతుంది. లోపల బోలుగా చుట్టినట్టుండే రోల్ పిన్నులైతే వాటికి కొన మధ్యలో చిన్న బొడిపె ఉన్న పంచ్‌లు వేరే వస్తాయి, మామూలుది పెడితే పిన్ను తల నలిగిపోతుంది.

సైట్ కదిపేముందు ఇప్పుడెక్కడుందో పెన్సిల్‌తో గీత పెట్టుకోండి. చాలా తుపాకులకి షూటర్ వైపు నుంచి చూసినప్పుడు ఎడమ నుంచి కుడికి కొడితే సైట్ బయటికొస్తుంది, పెట్టేటప్పుడు కుడి నుంచి ఎడమకి, కానీ మీ మోడల్ మాన్యువల్ ఒకసారి చూసుకోండి. తూటా ఎటు పోతోందో ముందు సైట్‌ని కూడా అటే జరపాలి, వెనక సైట్‌కైతే తూటా ఎటు రావాలో అటు. ఇది తెలియక నేను ఒక పూటంతా తిరకాసుగా కొట్టుకుంటూ కూర్చున్నా.

వైస్ లేకుండా సుత్తి ఎత్తొద్దు. ఒక చేత్తో రైఫిల్, ఒక చేత్తో పంచ్ పట్టుకుంటే సుత్తికి మూడో చెయ్యి లేదు కదా. బెంచ్ వైస్ కొనుక్కుని దవడలకి తోలో చెక్కో రబ్బరో పెట్టండి, బ్యారెల్‌ని నేరుగా ఇనుప దవడల మధ్య బిగించొద్దు. కళ్ళద్దాలు తప్పనిసరి, స్ప్రింగులు ఎటు ఎగురుతాయో తెలీదు. ఒక అయస్కాంతం పళ్ళెం కూడా ఉంచుకోండి. ఇవన్నీ మొదలయ్యే ముందు తుపాకీ ఖాళీగా ఉందని కళ్ళతో చూసి, వేలితో ఛాంబర్ (తూటా కూర్చునే చోటు) తడిమి, తూటాలు ఇంకో గదిలో పెట్టి రండి, ప్రతిసారీ.

గీతలరహితం:

క్లీనింగ్ మీకు వచ్చన్నారు కానీ రాడ్ ఏది వాడుతున్నారో చెప్పలేదు, అడుగుతున్నా ఎందుకంటే స్క్రూడ్రైవర్ల తర్వాత ఎక్కువ నష్టం చేసేది అదే. ముక్కలు కలిపే అల్యూమినియం రాడ్ అయితే పక్కన పెట్టెయ్యండి. అల్యూమినియం మెత్తన, ఇసుక రేణువులు దాంట్లో అతుక్కుంటాయి, ఆ తర్వాత అది ఆకురాయిలా బ్యారెల్ చివరి అంచుని, అదే క్రౌన్‌ని, గీకుతుంది. క్రౌన్ ఒక పక్క అరిగితే తూటా వెనక గ్యాస్ సమానంగా బయటికి రాదు, గురి పోతుంది. ఒకే ముక్కగా ఉండే పూత వేసిన రాడ్ తీసుకోండి, బోల్ట్ యాక్షన్ కాబట్టి బోల్ట్ తీసేసి వెనక వైపు నుంచే తొయ్యండి, బోర్ గైడ్ పెట్టుకుంటే రాడ్ మధ్యలోనే పోతుంది.

ఇంకోటి, రాగి తీసే సాల్వెంట్ ఎప్పుడైనా వాడితే ప్యాచ్ (తుడిచే గుడ్డ ముక్క) మీద నీలం రంగు కనబడితే రాగి ఇంకా ఉన్నట్టు. కానీ జాగ్ (రాడ్ చివర ప్యాచ్‌ని పట్టుకునే కొన) ఇత్తడిదైతే సాల్వెంట్ దాన్నే కరిగించి నీలం చూపిస్తుంది, బ్యారెల్ శుభ్రమైపోయినా మీరు రుద్దుతూనే ఉంటారు. అందుకని ఆ పనికి నైలాన్ జాగ్ మంచిది. పని అయ్యాక చేతులు సబ్బుతో కడుక్కోండి, ఆ మసిలో సీసం ఉంటుంది.

కొత్తబెంచ్:

అందరికీ చాలా థాంక్స్, నా రాడ్ ముక్కలదే, ఈరోజే తీసేస్తున్నా. మరి ట్రిగ్గర్ సంగతి? వీడియోల్లో సన్న రాయి పెట్టి రుద్దితే నున్నగా అయిపోయినట్టు చూపిస్తున్నారు, గ్రైండర్‌కి పాలిష్ ముక్క పెట్టి నేనూ చెయ్యొచ్చా?

పాతరేంజ్:

వద్దండీ, ఆ పని మీరు ఇప్పుడు చెయ్యొద్దు. ట్రిగ్గర్‌కి, స్ట్రైకర్‌కి (ముందుకి దూకి తూటాని పేల్చే భాగం) మధ్య ఆపి పట్టుకునే భాగం, సియర్ అంటాం, చాలా తుపాకుల్లో దాని పైపొర మాత్రమే గట్టిపరిచి ఉంటుంది, లోపల ఇనుము మెత్తగానే ఉంటుంది. రుద్దితే ఆ పొర పోతుంది, కోణం కూడా కొంచెం మారుతుంది. మొదటి రోజు అద్భుతంగా ఉంటుంది, కొన్నాళ్ళకి మెత్తటి ఇనుము అరిగి కింద పెట్టినప్పుడో బోల్ట్ మూసినప్పుడో దానంతటదే పేలే స్థితికి వస్తుంది. గ్రైండర్ నిమిషానికి వేల చుట్లు తిరుగుతుంది, ఒక్క క్షణంలో తీసేసిన ఇనుము మళ్ళీ రాదు. దాన్ని తుపాకీ బెంచ్ మీదకే రానివ్వకండి. మీ మోడల్‌కి తయారీదారు ఇచ్చిన అడ్జస్ట్‌మెంట్ స్క్రూ ఉంటే మాన్యువల్ చెప్పిన హద్దులోనే తిప్పండి, లేకపోతే రెడీగా మార్చుకునే ట్రిగ్గర్ యూనిట్ దొరుకుతుందేమో చూడండి, అదీ కాకపోతే గన్‌స్మిత్ దగ్గరికి తీసుకెళ్ళండి. హెడ్‌స్పేస్ (మూసిన బోల్ట్‌కీ తూటా ఆనే చోటుకీ మధ్య దూరం) సరిచెయ్యడం, బ్యారెల్ మార్చడం కూడా అంతే.

ఇంకో విషయం, ట్రిగ్గర్ ఎలా ఉందో చూద్దామని ఖాళీగా పదేపదే నొక్కకండి. .22 రిమ్‌ఫైర్‌లో (అంటే పిన్ తూటా అడుగు అంచుని కొట్టే రకంలో) చాలా మోడళ్ళకి ఫైరింగ్ పిన్ ఛాంబర్ అంచుకి తగిలి గుంట చేస్తుంది, స్నాప్ క్యాప్ (మందు లేని ఉత్తుత్తి తూటా) పెట్టుకోండి.

ఇత్తడిసుత్తి:

స్కోప్‌కి ఒక టార్క్ డ్రైవర్ (ఎంత బలంతో బిగించాలో కొలిచి బిగించే స్క్రూడ్రైవర్) తీసుకోండి, ఇది విలాసం కాదు. చేత్తో అందాజాగా బిగిస్తే ఒకటి ఎక్కువ ఒకటి తక్కువ అయి స్కోప్ గొట్టం నొక్కుకుపోతుంది. చాలా రింగులకి 15 నుంచి 20 ఇంచ్ పౌండ్లు అంటారు, అంటే 2 న్యూటన్ మీటర్ల చుట్టుపక్కల, అయినా రింగుల పెట్టెలో వచ్చిన కాగితంలో ఏముంటే అదే ఫైనల్. స్క్రూ లాకింగ్ జిగురు వేస్తే నీలం రకమే, ఎర్రది వేస్తే విప్పేటప్పుడు ఏడుపే.

చెక్కపని:

స్టాక్ గురించి ఎవరూ చెప్పలేదు కాబట్టి నేను చెప్తా. అవిసె నూనె చాలా పలచగా, చేత్తో రుద్ది రుద్ది పట్టించాలి, ఒక పూత పూర్తిగా ఆరాకే ఇంకోటి, తొందరపడితే జిగటగా మిగిలిపోతుంది. దీనికి టూల్స్ అంటే సన్న గరుకు కాగితం, పాత బట్ట, ఓపిక. కానీ ఆ నూనె గుడ్డలు ఉండచుట్టి చెత్తబుట్టలో పడెయ్యకండి, నూనె ఆరేటప్పుడు వేడి పుడుతుంది, ఉండలా ఉంటే ఆ వేడి బయటికి పోక వాటంతటవే అంటుకుంటాయి. నీళ్ళలో ముంచి మూతున్న ఇనుప డబ్బాలో పెట్టండి, లేదా ఆరుబయట విప్పి పరిచి ఆరబెట్టండి.

కొత్తబెంచ్:

గుడ్డల సంగతి నిజంగా తెలీదు, చాలా మేలు చేశారు. సరే, హాలో గ్రౌండ్ బిట్లు, ఇత్తడి పంచ్, వైస్, ఒకే ముక్క రాడ్ మొదట, టార్క్ డ్రైవర్ స్కోప్ కొన్నప్పుడు, ట్రిగ్గర్ ముట్టుకోను. చివరిగా ఒకటే, ఆ చెదిరిపోయిన స్క్రూని ఇప్పుడెలా తియ్యాలి?

ఇత్తడిసుత్తి:

ఆకురాయి పెట్టి ఆ లేచిన ఇనుము కొయ్యకండి, అది గాడిలోంచి వచ్చిన ఇనుమే. నున్నటి ముఖం ఉన్న చిన్న సుత్తితో మెల్లగా తడుతూ దాన్ని మళ్ళీ వెనక్కి పంపండి, చుట్టుపక్కల బ్లూయింగ్‌కి టేప్ అంటించి చెయ్యండి. తర్వాత పట్టు వదిలించే నూనె ఒక చుక్క వేసి రాత్రంతా ఉంచండి. పొద్దున రైఫిల్‌ని వైస్‌లో పెట్టి, సరిపోయే బిట్ నిటారుగా నిలబెట్టి, ఒంటి బరువంతా కిందకి వేస్తూ తిప్పండి. అప్పటికీ రాకపోతే సోల్డరింగ్ ఐరన్ కొన స్క్రూ తల మీద మాత్రమే రెండు నిమిషాలు ఆనించి మళ్ళీ ప్రయత్నించండి, కాకపోతే దానికి ముందు ఆ నూనె శుభ్రంగా తుడిచెయ్యండి, అది మండే నూనె.