దిగుబడి 75 శాతం: దేనిలో 75 శాతం?

"ఒక చర్యలో దిగుబడి 75 శాతం. 50 గ్రాముల ఆస్పిరిన్ తయారు చేయాలంటే శాలిసిలిక్ ఆమ్లం ఎంత తీసుకోవాలి?" అన్న లెక్కలో తెలుగు మాధ్యమం పిల్లలు తరచూ తడబడుతున్నారనీ, లోపం లెక్కలో ఉందా వాక్యంలో ఉందా అనీ ఒక ఉపాధ్యాయురాలు అడిగారు. నా ఉద్దేశంలో లోపం వాక్యానిదే. శాతం అన్న మాట వినగానే దేనిలో అన్న ప్రశ్న పుడుతుంది; ఈ వాక్యం దానికి జవాబు చెప్పకుండానే ముందుకు సాగిపోయింది.

దిగుబడి మనకు పొలం నుంచి వచ్చిన మాట. ఎకరాకు ఇన్ని బస్తాలు అంటాం. ఆ లెక్క నేలకు ముడిపడినది, దానికి ఇంతకు మించకూడదన్న హద్దు లేదు. రసాయనశాస్త్రంలో హద్దు ముందే ఖాయమై ఉంటుంది. ముందుగా అయిపోయే క్రియాజనకం (చర్యలో పాల్గొనే పదార్థం) పూర్తిగా మారితే సమీకరణం ప్రకారం ఎంత పదార్థం రావాలో అది సైద్ధాంతిక దిగుబడి. చర్య ముగిశాక వడపోసి, ఆరబెట్టి తూచినది వాస్తవ దిగుబడి. వాస్తవ దిగుబడి సైద్ధాంతిక దిగుబడిలో నూటికి ఎంత అన్నదే దిగుబడి శాతం. అంటే ఆ 75 శాలిసిలిక్ ఆమ్లంలో భాగం కాదు, రావలసిన ఆస్పిరిన్‌లో భాగం. తరగతిలో ఈ ఒక్క సంగతి గట్టిగా చెబితే సగం గందరగోళం తీరుతుంది.

ఇప్పుడు లెక్క చూద్దాం. చేతికి రావలసిన 50 గ్రాములు సైద్ధాంతిక దిగుబడిలో 75 శాతం కాబట్టి, 50ని 0.75తో భాగిస్తే సైద్ధాంతిక దిగుబడి సుమారు 66.7 గ్రాములు అవుతుంది. పదార్థంలోని కణాల లెక్కకు వాడే ప్రమాణం మోల్. ఆస్పిరిన్ ఒక మోల్ 180.16 గ్రాములు, శాలిసిలిక్ ఆమ్లం ఒక మోల్ 138.12 గ్రాములు, ఒక మోల్ ఆమ్లం నుంచి ఒక మోల్ ఆస్పిరిన్ వస్తుంది. 66.7 గ్రాముల ఆస్పిరిన్ 0.370 మోల్ కనుక, కావలసిన ఆమ్లం 51.1 గ్రాములు. రెండో క్రియాజనకమైన ఎసిటిక్ ఎన్‌హైడ్రైడ్‌ను సాధారణంగా అవసరానికి మించి పోస్తారు కాబట్టి దిగుబడిని ఆమ్లాన్ని బట్టే లెక్కిస్తారు.

పిల్లలు చేసే తప్పులు రెండు రకాలు. మొదటి రకం వారు 25 శాతం పోతుంది కదా అని 50కి 25 శాతం కలిపి, 62.5 గ్రాములకు లెక్క కట్టి, 47.9 గ్రాముల ఆమ్లం చాలునంటారు. దానితో వచ్చేది 46.9 గ్రాముల ఆస్పిరిన్ మాత్రమే. పోయే 25 శాతం పెద్ద సంఖ్య అయిన 66.7లోది, వీరు కలిపే 25 శాతం చిన్న సంఖ్య అయిన 50లోది. నిజానికి కలపవలసినది మూడో వంతు. రెండో రకం వారు ఆమ్లం బరువులో 75 శాతం ఆస్పిరిన్‌గా మారుతుందని చదువుకుని 66.7 గ్రాముల ఆమ్లం తీసుకుంటారు. అప్పుడు 65 గ్రాములకు పైగా ఆస్పిరిన్ వస్తుంది. మొదటిది అంకగణితంలో తొందరపాటు. రెండోదానికి మాత్రం పూర్తిగా మన వాక్యమే కారణం.

మొదటి తప్పును సరిదిద్దడానికి రైస్ మిల్లు లెక్క పనికొస్తుంది. ప్రభుత్వం మర ఆడించడానికి ఇచ్చే క్వింటా ధాన్యానికి మిల్లు తిరిగి ఇవ్వవలసిన పచ్చి బియ్యం 67 కిలోలు. 67 క్వింటాళ్ల బియ్యం కావాలంటే ఎంత ధాన్యం పోయాలని అడిగితే, 33 శాతం కలిపి 89 క్వింటాళ్లని ఏ మిల్లరూ అనడు. "క్వింటా ధాన్యానికి" అని ఆధారం వాక్యంలోనే ఉండటం వల్ల భాగహారం దానంతట అదే తోస్తుంది. అయితే ఈ పోలికను అంతవరకే వాడాలి. మిల్లులో బరువుకు బరువు లెక్క. ఆస్పిరిన్ చర్యలో ఎసిటిక్ ఎన్‌హైడ్రైడ్ నుంచి ఎసిటైల్ అనే భాగం వచ్చి ఆమ్లానికి చేరుతుంది కాబట్టి బరువు పెరుగుతుంది. అందుకే 75 శాతం దిగుబడిలో కూడా 51.1 గ్రాములు వేస్తే 50 గ్రాములు వస్తున్నాయి. మందుల పరిశ్రమలో ఈ బరువుకు బరువు లెక్క కూడా వాడుకలో ఉంది: కిలో ముడి పదార్థానికి ఎన్ని కిలోల సరుకు వచ్చిందని చూస్తారు, దానినీ ‘ఈల్డ్’ అనే అంటారు. ఇదే చర్యకు ఒక లెక్కలో 75 శాతం, మరో లెక్కలో 0.98. రెండూ సరైనవే, ఆధారాలు వేరు.

దిగుబడి బదులు ‘రాబడి’ అంటే మేలని ఒక మిత్రులు సూచించారు. రాబడి అనగానే డబ్బు గుర్తుకొస్తుంది. పైగా మాట మార్చినంత మాత్రాన దేనిలో అన్న ప్రశ్న తీరదు. ‘ఉత్పత్తి’ అసలే వద్దు, పాఠాల్లో చర్య వల్ల ఏర్పడిన పదార్థాన్ని కూడా చాలామంది అదే మాటతో పిలుస్తున్నారు. దిగుబడినే ఉంచుకుని, ప్రశ్నను ఇలా రాయవచ్చు: "శాలిసిలిక్ ఆమ్లం నుంచి సమీకరణం ప్రకారం రావలసిన ఆస్పిరిన్‌లో నూటికి 75 పాళ్లే చేతికి వస్తుంది. 50 గ్రాముల ఆస్పిరిన్ చేతికి రావాలంటే ఎంత ఆమ్లం తీసుకోవాలి?" వాక్యం కొంత పొడవైంది, నిజమే. కానీ రెండు దశల చర్యలకు వెళ్లినప్పుడు ఈ పొడవు మరింత అక్కరకొస్తుంది. ఒక్కో దశలో 80 శాతం అన్నప్పుడు, రెండో 80 మొదటి దశలో వాస్తవంగా చేతికొచ్చిన పదార్థం నుంచి రావలసిన దానిలో భాగమని వాక్యం చెప్పకపోతే, మొత్తం 64 శాతమని గ్రహించలేక 60 అని రాసే పిల్లలు ఉంటారు.