టెండర్ కేసు గెలిచినా వకీలు ఫీజు మన జేబులోంచేనా?

దేవరకొండ కాంట్రాక్టర్:
అన్నలూ, జర మీరే తేల్చండి. మా దగ్గర సీసీ రోడ్లు, సైడు కాల్వల పనికి టెండర్ పడితే వేశాను. రేటు తెరవక ముందే టెక్నికల్ బిడ్‌లో, అంటే అర్హత కాగితాలు చూసే దశలోనే, నన్ను పక్కన పెట్టారు, ఎందుకంటే నా అనుభవం సర్టిఫికెట్ మీద ఈఈ (ఎగ్జిక్యూటివ్ ఇంజనీర్) సంతకం ఉంది కానీ ఆయన పై అధికారి ఎస్ఈ (సూపరింటెండింగ్ ఇంజనీర్) కౌంటర్ సంతకం లేదట. టెండర్ నోటీసు మొత్తం తిరగేసినా ఆ షరతు ఎక్కడా లేదు. శాఖ నిర్ణయం మీద హైకోర్టులో రిట్ వేశాను, గెలిచాను, నన్ను తప్పించడం చెల్లదు, మళ్లీ పరిశీలించండి అని ఆర్డర్ వచ్చింది. కాపీ చేతికొచ్చాక చివరి పేజీ చూస్తే ఒకటే లైను: ఖర్చుల విషయంలో ఉత్తర్వు లేదు. వకీలు ఫీజు, ఆయన పైన సీనియర్‌ని పెట్టుకున్నందుకు ఇంకో ఫీజు, కలిపి చూస్తే ఆ పనిలో మిగిలే లాభం కన్నా ఎక్కువే అయింది. తప్పు చేసింది శాఖ, పైసలు పోయింది నావి. ఓడిన శాఖే కట్టాలని నేనంటాను. మీరేమంటారు?

నల్లగొండ జూనియర్ వకీలు:
అన్నా, మామూలు సివిల్ దావాలో అయితే సీపీసీ (సివిల్ ప్రొసీజర్ కోడ్) సెక్షన్ 35 ఉంది, ఓడినవాడే ఖర్చులు కట్టాలి, వద్దనుకుంటే జడ్జి కారణం రాయాలి. కానీ మీది రాజ్యాంగం ఆర్టికల్ 226 కింద రిట్. సెక్షన్ 141కి 1976లో చేర్చిన వివరణ ప్రకారం సీపీసీ పద్ధతి రిట్లకు నేరుగా వర్తించదు, ఖర్చులు పూర్తిగా జడ్జి గారి విచక్షణ. పైగా నిజం చెప్పండి, మీ వాళ్లు ఖర్చులు కావాలని గట్టిగా అడిగారా, బిల్లులు పెట్టారా? చాలామంది ప్రార్థనలో అలవాటుగా ఒక ముక్క రాసి, వాదనల రోజు ఆ ఊసే ఎత్తరు. ఆర్డర్ బాగా వచ్చింది, ఇంకా పైసల సంగతి ఎత్తితే జడ్జి గారికి చిరాకు వస్తుందేమోనని భయం.

అడిగినా మీరు కట్టిందంతా రాదు. ఢిల్లీ హైకోర్టు ఒక కేసులో 45 లక్షలకు పైగా ఖర్చులు వేస్తే సుప్రీంకోర్టు 2011లో కొట్టేసింది, రూల్సులో ఎంత ఉంటే అంతే అంది. అబద్ధపు దావా వేసినవాడి మీద వేసే సెక్షన్ 35ఏ పరిహారానికి పరిమితి ఎంతో తెలుసా, 3,000 రూపాయలు. ఆ రూల్సు మార్చండి, నిజమైన ఖర్చుకు దగ్గరగా తీసుకురండి అని సుప్రీంకోర్టే చెప్పింది.

పాలమూరు పాత ఏఈ (రిటైర్డ్):
తమ్మీ, నీ కేసులో నీకు అన్యాయం జరిగిందనే అనుకుందాం. కానీ శాఖ కట్టాలంటే ఎవరు కట్టినట్టు? సంతకం పెట్టిన ఈఈ జేబులోంచి రూపాయి కదలదు, ఖజానాలోంచి పోతుంది. అంటే మళ్లీ మన పైసలే. రెండోది, నేను అసిస్టెంట్ ఇంజనీరుగా సర్వీసులో చూసింది చెప్తా. నలుగురు కాంట్రాక్టర్లు రింగయి పనులు పంచుకుంటారు, బయటివాడు ఎవడో 20 శాతం లెస్ వేసి ఎల్1 (అందరికన్నా తక్కువ రేటువాడు) అయితే వెంటనే ఒకడు స్టే కోసం హైదరాబాద్ బస్సెక్కుతాడు. ఎండాకాలం అంతా కౌంటర్లు, వాయిదాలు. తవ్విపెట్టిన రోడ్డులో వానలు పడతాయి, బడిపిల్లలు చెప్పులు చేతబట్టుకొని బురదలో నడుస్తారు. ఊళ్లోవాళ్లు తిట్టేది ఆ కాంట్రాక్టర్‌ని కాదు, నన్ను. ఓడిన టెండర్‌దారులు అహం దెబ్బతిని, లేని ఫిర్యాదులు పుట్టించుకొని కోర్టుకొస్తారని జగదీశ్ మండల్ కేసులో సుప్రీంకోర్టు ఊరికే అనలేదు. ఖర్చులు ఇస్తామంటే ఇంకా ఎగబడతారు.

మిర్యాలగూడ సబ్ కాంట్రాక్టర్:
ఏఈ సాబ్, ఓడిపోతే మా మీద కోర్టు ఖర్చులు వేయడం లేదా? పనికిమాలిన కేసని తోస్తే లక్షల్లో వేసిన రోజులున్నాయి. గెలిస్తే మాత్రం సున్నా. శాఖ తరఫున గవర్నమెంట్ ప్లీడర్ ఉంటాడు, ఈఈ గారికి ఏ ఖర్చూ లేదు, ఏ టెన్షనూ లేదు. మా దాంట్లో కేసు నడిపించాలంటే జేసీబీ ఫైనాన్స్ కిస్తీ ఆపాలి. అందుకే పదిమందికి అన్యాయం జరిగితే కోర్టుకు పోయేది ఒకడు, ఆ సంగతి ఆఫీసులో కూర్చున్నవాళ్లకు బాగా తెలుసు.

సూర్యాపేట టు వర్జీనియా:
ఇక్కడి పద్ధతి చెప్తా, పోల్చుకోండి. అమెరికాలో ఫెడరల్ కాంట్రాక్టు ఇవ్వడంలో తప్పు జరిగిందనుకుంటే జీఏఓ అనే సంస్థ దగ్గర ప్రొటెస్ట్ వేయొచ్చు, 100 రోజుల్లో తేల్చాలి. ప్రొటెస్ట్ నెగ్గితే వకీలు ఫీజుతో సహా ఖర్చులు ఇవ్వమని శాఖకు సిఫారసు చేస్తారు. పెద్ద కంపెనీలకు వకీలు ఫీజు మామూలుగా గంటకు 150 డాలర్లు దాటకూడదు, చిన్న వ్యాపారానికి ఆ పరిమితి లేదు. క్లెయిము మాత్రం 60 రోజుల్లో, ఏ పనికి ఎన్ని గంటలో లెక్కతో శాఖకే ఇవ్వాలి, ఆలస్యమైతే హక్కు పోయినట్టే. పోయిన లాభం మాత్రం ఇక్కడా ఇవ్వరు.

పాలమూరు పాత ఏఈ (రిటైర్డ్):
అక్కడి గంటల లెక్క ఇక్కడెక్కడిది బాబూ, మన దగ్గర సగం ఫీజుకు రసీదే ఉండదు.

దేవరకొండ కాంట్రాక్టర్:
అది మాత్రం నిజమే సార్, సీనియర్‌కిచ్చిన దానికి నా దగ్గర కాగితం ముక్క లేదు. అయినా రసీదు ఉన్నంత వరకైనా ఇప్పించొచ్చు కదా.

హుజూర్‌నగర్ ఆడిటర్:
రసీదు గురించి ఎత్తారు కాబట్టి నాదో మాట. శాఖ ఇవ్వకపోయినా, వ్యాపారం కోసం పెట్టిన వకీలు ఫీజును ఆదాయపు పన్ను లెక్కలో ఖర్చుగా చూపించుకోవచ్చు. వకీలు ఫీజు మీద జీఎస్టీ రివర్స్ చార్జిలో, అంటే వకీలు బదులు మీరే కట్టి, దాన్ని మీరు కట్టాల్సిన జీఎస్టీలో తగ్గించుకునే ఇన్‌పుట్ క్రెడిట్ తీసుకోవచ్చు. బ్యాంకు ద్వారా ఇవ్వండి, బిల్లు అడగండి. చేతికిచ్చిన పైసలు కోర్టులోనూ రావు, నా దగ్గరా రావు.

మిర్యాలగూడ సబ్ కాంట్రాక్టర్:
ఖజానా నుంచి వద్దు, తప్పు చేసిన అధికారి జీతంలోంచి కోయమంటాను. అప్పుడు చూడండి లేని షరతులు ఎట్ల పుడతాయో.

పాలమూరు పాత ఏఈ (రిటైర్డ్):
అట్లయితే ఏ ఇంజనీరూ ఏ ఫైలు మీదా సంతకం పెట్టడు. ప్రతిదీ పై ఆఫీసుకు క్లారిఫికేషన్‌కు పంపి కూర్చుంటాడు. కావాలని చేసినవాడి మీద వేయండి, నేనూ ఒప్పుకుంటా, పొరపాటుకు వద్దు. నోటీసులో లేని షరతు పుట్టించడం పొరపాటు కిందికి రాదని కూడా ఒప్పుకుంటా.

నల్లగొండ జూనియర్ వకీలు:
ఇంకో సంగతి ఎవరూ పట్టించుకోవడం లేదు. రోడ్లలాంటి పనులకు ఇంజంక్షన్ (పని ఆపే ఉత్తర్వు) ఇవ్వొద్దని 2018లో స్పెసిఫిక్ రిలీఫ్ చట్టం మార్చారు. 2022లో ఎన్‌జీ ప్రాజెక్ట్స్ కేసులో సుప్రీంకోర్టు ఇంకో అడుగు ముందుకేసి, పని ఆపే బదులు, అన్యాయంగా తప్పించారని తేలినవాడిని నష్టపరిహారం అడుక్కోమని పంపండి అంది. సరే, పని ఆగకూడదు, ఏఈ సాబ్ చెప్పిన బురద నాకూ తెలుసు. కానీ స్టేకు దారి మూసి పరిహారం చూపించినప్పుడు, ఆ పరిహారం కోసం జిల్లా కోర్టులో దావా వేసి ఏళ్లు తిరగాలంటే చిన్న కాంట్రాక్టర్‌కు మిగిలేదేమిటి? కనీసం బిడ్ తయారీ ఖర్చు, రసీదున్న వకీలు ఫీజు రిట్‌లోనే ఇప్పించాలి, దొంగ కేసు వేసినవాడి మీదా అదే కొలత వేయాలి. నా మాట ఇదీ.

దేవరకొండ కాంట్రాక్టర్:
ఇప్పుడు ఖర్చుల కోసమని రివ్యూ, అంటే అదే కోర్టును ఆర్డర్ మళ్లీ చూడమని పిటిషన్, వేయొచ్చా మరి?

నల్లగొండ జూనియర్ వకీలు:
వేయొచ్చు. ఒప్పుకోవడం కష్టం, వచ్చేదానికన్నా నాకిచ్చే ఫీజే ఎక్కువవుతుంది. ముందు ఆర్డర్ కాపీ శాఖలో ఇచ్చి అందినట్టు ముద్ర వేయించుకోండి, నీ రేటు తెరవకుండా పక్కవాడికి అగ్రిమెంట్ రాస్తే అప్పుడు ఫోన్ చేయండి.