తాతగారి వెబ్లీ రివాల్వర్: కొత్త ముక్క వేయించాలా, ఉన్నది ఉన్నట్టు ఉంచాలా?

అరండల్‌పేట: మా తాతగారి .32 వెబ్లీ అండ్ స్కాట్, నాన్నగారి తర్వాత నా లైసెన్సు మీదికి వచ్చింది. ఎన్నికలప్పుడు స్టేషన్‌లో డిపాజిట్ చేసి తెచ్చుకున్నాక, హ్యామర్ (వెనకవైపు సుత్తి) మెల్లగా లాగితే తూటాలుండే సిలిండర్ పూర్తిగా తిరగట్లేదు. గబుక్కున లాగితే మాత్రం లాక్ పడుతోంది. ఏం చేయించాలి?

కృష్ణలంక: ముందు లోపల తూటాలు లేవని రెండుసార్లు చూసుకోండి. గబుక్కున లాగితే సిలిండర్ ఆ ఊపుకే వెళ్లి లాక్‌లో పడుతుంది, లోపం బయటపడదు. ఆరు చాంబర్లూ (తూటా పెట్టే గదులు) మెల్లగా తిప్పి చూడండి. ఒక్కదాని దగ్గరే ఆగితే సిలిండర్ వెనక ఆ చాంబర్‌కి ఉండే పన్ను అరిగినట్టు. అన్నింటి దగ్గరా ఆగితే పళ్లను నెట్టే హ్యాండ్ అనే ముక్క అరిగినట్టు, లేదా దాని స్ప్రింగ్ బలం తగ్గినట్టు. చాంబర్ బ్యారెల్‌కి సరిగ్గా ఎదురుగా రాకపోతే తూటా అంచుకి రాసుకుని సీసం పక్కలకి చిమ్ముతుంది. కొత్త హ్యాండ్ వేయించండి.

తెనాలి పెద్దాయన: తొందరపడకు బాబూ. నూనె ఎండి జిగురు కట్టినా ఇలాగే ఉంటుంది. ముందు శుభ్రం చేయించు. మా నాన్నగారి రివాల్వర్ స్ప్రింగ్ కోసం ఒక షాపులో ఇస్తే, అడక్కుండా పాలిష్ పట్టి బ్లూయింగ్ (లోహానికి నల్లటి పూత) చేసేశారు. తుపాకీ పరీక్షలో నెగ్గిందని కొట్టే ప్రూఫ్ ముద్రలు పోయాయి, నంబరు సగం అరిగింది. లైసెన్సు రెన్యువల్‌కి వెళ్తే ఆ నంబరు కోసం నన్ను తిప్పని రోజు లేదు.

కృష్ణలంక: నేను హ్యాండ్ అంటుంటే మీరు బ్లూయింగ్ అంటారేంటండీ?

తెనాలి పెద్దాయన: ఒకసారి షాపులో ఇచ్చాక వాళ్లు దేంతో ఆగుతారో నీకు తెలుసా?

పటమట: నాలుగు స్క్రూలేగా బ్రో, ఇంట్లోనే విప్పేయ్.

కృష్ణలంక: వద్దు. 1959 ఆయుధాల చట్టం సెక్షన్ 5లో రిపేరు కూడా ఉంది, దానికీ లైసెన్సు కావాలి. తమ్ముడూ, ఇలాంటి సలహాలు ఇవ్వకు.

తెనాలి పెద్దాయన: అసలు పేల్చనిదానికి కొత్త ముక్క ఎందుకయ్యా?

కృష్ణలంక: పేల్చనిదాన్ని లైసెన్సు మీద ఎందుకు మోయడం? 2019 సవరణతో మనిషికి మూడు తుపాకులు కాస్తా రెండయ్యాయి. మా మామయ్య వాడుకునే తుపాకీ వదులుకున్నారు, బీరువాలో మూలుగుతున్న పాతది మాత్రం సెంటిమెంట్ అని ఉంచుకున్నారు. నా బాధ అదీ.

తెనాలి పెద్దాయన: అదీ సంగతి! అయితే నీ గొడవ హ్యాండ్ గురించి కాదు. మీ మామయ్య మీద కోపం ఈ అబ్బాయి తాతగారి వస్తువు మీద చూపించకు. ఆ ముక్కలన్నీ ఆయన చేతిలో అరిగినవి.

కృష్ణలంక: కోపమే. ఇంటి కాపలాకని లైసెన్సు తీసుకుని పనిచేయనిది పెట్టుకుంటే ఎవరికి ఉపయోగం?

అరండల్‌పేట: దయచేసి ఇద్దరూ ఆగండి. మెల్లగా తిప్పి చూశాను, ఒక్క చాంబర్ దగ్గరే ఆగుతోంది.

కృష్ణలంక: అయితే ఆ పన్ను సంగతి చూడాలి. హ్యాండ్ జోలికి ఇప్పుడే వెళ్లకండి.

తెనాలి పెద్దాయన: ఆ పంటి మొదట్లో జిడ్డు గట్టిపడిందేమో ముందు చూడమను. పాలిష్, బ్లూయింగ్ వద్దని రసీదు మీదే రాయించుకో. తీసిన ముక్క ఏదైనా సరే వెనక్కి తెచ్చుకో.

కృష్ణలంక: అది తేలేదాకా దాంట్లో తూటాలు పెట్టకండి.