పది తప్పిన కుర్రాడు పామాయిల్ గెలల కటింగ్‌కి వెళ్తానంటున్నాడు: కాగితం ముందా, పని ముందా?

మెట్ట మావయ్య:
నమస్కారమండి. మాది చింతలపూడి వైపు. మా అక్క కొడుక్కి పందొమ్మిదేళ్లు, పది రెండుసార్లు తప్పాడు. హైదరాబాదులో ఎనిమిది నెలలు డెలివరీ బండి తిప్పి, ఆ బండి వాయిదాలే కట్టలేక ఇంటికొచ్చేశాడు. ఇప్పుడు పామాయిల్ గెలల కటింగ్ ముఠాలో చేరతానంటాడు. మా బావేమో "కూలికి పంపడానికేనా కాన్వెంట్లో వేసింది" అని రెండ్రోజులుగా కంచం ముందు గొడవ. ముందు ఏదో ఒక ట్రైనింగ్ చేయించి, కాగితం చేతికొచ్చాక పంపాలా, నేరుగా తోటలోకి దించాలా? అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి.

నల్లరేగడి:
కాగితం దేనికండీ? మాది గుంటూరు జిల్లా, మిరప. కోతలప్పుడు ఆదోని, కోసిగి వైపు నుంచి ఇంటిల్లిపాదీ మూటలు కట్టుకుని దిగుతారు. నేను వాళ్లని అడిగేది ఒక్కటే, "ఎవరి మనుషులు?" అని. మేస్త్రి పేరు చెబితే చాలు. పోయినేడు చేనులో పచ్చికాయ కలిపి కోసిన ముఠా ఏదో, కల్లంలో తాలు ఏరడానికి కూడా బద్ధకించని ముఠా ఏదో మాకు నోటికి తెలుసు. మీ వాడు ఒక మంచి మేస్త్రి దగ్గర రెండు నెలలు తిట్లు తింటే అదే సర్టిఫికెట్.

దమ్మపేట తోట:
నాకు పామాయిల్ తోట ఉంది కాబట్టి కొంచెం వివరంగా రాస్తాను. దీన్ని మిరప కోతతో పోల్చకండి.

మా దగ్గర పదిహేను రోజులకోసారి కటింగ్ పడుతుంది. చెట్టు కింద నాలుగైదు పళ్లు రాలి కనబడితే పైన గెల పండినట్టు. రాలకముందే కోస్తే నూనె ఉండదు, ఫ్యాక్టరీ గేటు దగ్గర పక్కన పడేస్తారు. ఆలస్యం చేస్తే పళ్లన్నీ పాదులో రాలి, వాటిని ఏరడానికి ఇంకో మనిషి కావాలి. కోశాక ఇరవై నాలుగు గంటల్లో ఫ్యాక్టరీకి చేరాలి, అందుకే కటింగ్ రోజున కొత్తవాడికి పక్కన కూర్చుని నేర్పే తీరిక ఎవరికీ ఉండదు. చిన్న చెట్లయితే ఉలి లాంటి కత్తితో పొడిచి దించుతారు. పొడుగు చెట్లకి గెడకు బిగించిన కొడవలి. తల పూర్తిగా వెనక్కి వాల్చి, మట్ట మొదలు చూసుకుని, ఒక్క లాగులో తెగేట్టు లాగాలి. గెల ఇరవై కిలోలు ఉండొచ్చు, ఎటు పడుతుందో ముందే చూసుకుని కాలు కదపాలి.

అసలు భయం వేరే ఉంది. ఆ గెడ అల్యూమినియంది. తోట మీదుగా కరెంటు తీగలు పోతుంటే, గెడ తగిలిందంటే మనిషి మిగలడు. ఇది తిట్లు తిని నేర్చుకునే పని కాదు. పెదవేగిలో పామాయిల్ పరిశోధన సంస్థ ఉంది కదా, మీకు మరీ దూరమేం కాదు. కాగితం కోసం కాదు, పని చూడ్డం కోసం ముందు అక్కడికి తీసుకెళ్లి అడగండి. తర్వాత రెండు మూడు కటింగులు రాలిన పళ్లు ఏరడానికే పంపండి. గెడ పట్టడం ఆ తర్వాత.

నాలుగు రోడ్లు:
అందరూ కాగితాన్ని తీసిపారేస్తున్నారు. నేను ఒప్పుకోను. ఈ రోజు కావాల్సింది కాదు, ముప్ఫై ఐదేళ్లకి భుజం పట్టేశాక ఏం చేస్తాడు? డ్రోన్‌తో మందు కొట్టే లైసెన్సుకి పది పాసవ్వాలి. ఎరువుల, పురుగుమందుల షాపు వాళ్లు చేసే 'దేశీ' (DAESI) అనే డిప్లొమాకీ పది కావాలి. అంటే కూలీ దగ్గర్నుంచి పైకెక్కే ప్రతి మెట్టు దగ్గరా అదే పది అడుగుతున్నారు. ఓపెన్ స్కూల్లో కట్టించండి, కటింగ్ లేని రోజుల్లో చదువుకుంటాడు. ఒక్క డ్రైవింగే కాస్త నయం, లారీ లాంటి రవాణా బండ్ల లైసెన్సుకి ఉండే ఎనిమిదో తరగతి నిబంధన 2019లో ఎత్తేశారు.

నల్లరేగడి:
డ్రోన్ కొనిచ్చేదెవరండీ, మీరా?

నాలుగు రోడ్లు:
కొనక్కర్లేదు మాస్టారూ, నడిపేవాడికి జీతం ఇచ్చేవాళ్లున్నారు. చదువుకోమంటే మీకెందుకంత కోపం?

పాదు దగ్గర పిల్ల:
కాగితం అడగరు కాబట్టి ఇక్కడంతా సమానమే అన్నట్టు మాట్లాడుతున్నారు. సత్తుపల్లి దగ్గర ఆరేళ్లుగా రాలిన పళ్లు ఏరుతున్నాను. ముళ్లు గుచ్చుకుని వేళ్లు ఎప్పుడూ వాచే ఉంటాయి. గెల పండిందో లేదో కింద నుంచి చూసి మగవాళ్లకి చెప్పేది చాలాసార్లు మేమే. అయినా నిన్న చేరిన కుర్రాడి కూలి నాకన్నా ఎక్కువ. అదేమంటే "వాడు రేపు గెడ పడతాడు" అంటారు. నన్ను మాత్రం ఒక్కసారి కూడా గెడ పట్టనివ్వలేదు. పని తెలుసని చెప్పడానికి ఏదో ఒక కాగితం ఉంటే కనీసం దాన్ని చూపించి గొడవ పడేదాన్ని. మేస్త్రి మాటే సర్టిఫికెట్ అంటే ఆ మాట అతను ఎవరికి ఇస్తాడో కూడా చూడాలి కదండీ.

దమ్మపేట తోట:
నిజమే చెల్లెమ్మా. మా తోటలోనూ అంతే. నేను టన్ను లెక్కన మేస్త్రికి ఇచ్చేస్తాను, లోపల ఎవరికెంత పంచాడో ఎప్పుడూ అడగలేదు. ఈసారి అడుగుతాను.

మెట్ట మావయ్య:
అందరికీ థ్యాంక్సండి. ఇంట్లో చదివి వినిపించాను. చెల్లెమ్మ రాసింది విని మా అక్క "ఆ అమ్మాయి రైటు" అంది, బావ లేచి బయటికెళ్లిపోయాడు. మావాడు సోమవారం వెళ్లాడు. గెడ ముట్టుకోనివ్వద్దని మేస్త్రికి ముందే చెప్పాం, గెలలు ట్రాక్టర్ దాకా మోయించారు. రాత్రి మెడ తిప్పలేక, గోడకి ఆనుకుని కూర్చునే తిన్నాడు. మర్నాడు పొద్దున్న మాత్రం వాడే లేచి వెళ్లాడు. ఓపెన్ స్కూల్ ఫీజు నేను కడతానన్నాను, సరే అన్నాడు గానీ మొహం చూస్తే నమ్మకం లేదు. బ్యాంకులో ఏడాదికి 20 రూపాయల ప్రమాద బీమా ఉంది కదా, 2 లక్షలది, అది చేయించాను. ఇంకొకటి అడగాలి. వీడు బండి హెల్మెట్ పెట్టుకుని వెళ్లాడు, తల పైకెత్తితే వెనక మెడకి తగులుతోందంట. ముఠాలో మిగతావాళ్లు తలగుడ్డే కడుతున్నారు. దీనికి వేరే హెల్మెట్ ఏదైనా ఉంటుందా?

దమ్మపేట తోట:
బిల్డింగు పనివాళ్లు పెట్టుకునే పసుపు టోపీ తీసుకోండి, గడ్డం కింద పట్టీ ఉన్నదే చూసి కొనండి. పట్టీ లేకపోతే తలెత్తగానే వెనక్కి పడిపోతుంది. కళ్లద్దాలు కూడా తీసుకోండి, మట్ట తెగినప్పుడు పైనుంచి దుమ్మంతా కళ్లలోనే పడుతుంది.