నాలుగు కుక్కలు తిరిగే చోట కూరగాయల మడులు నిలవాలంటే ఏం చేయాలి?

రామమూర్తినగర్ టమాటా (ప్రశ్న)

అందరికీ నమస్తే. మేముండేది బెంగళూరు రామమూర్తినగర్‌లో. మా ఓనర్‌గారిదే పక్కన ఇంకో థర్టీ ఫార్టీ సైట్ ఖాళీగా ఉంది, చుట్టూ కాంపౌండ్ గోడ ఉంది. ఇల్లు కట్టేదాకా ఏమన్నా వేసుకోమ్మా అన్నారు. మంచి ఎర్రమట్టి, మధ్యాహ్నం దాకా ఎండ. మాది మదనపల్లె. టమాటా కొనుక్కుని తినాలంటే మా అత్తయ్యకు మనసొప్పదు, అందుకే మొదట అదే వేశాం.

మాకు నాలుగు కుక్కలు. బ్రూనో ల్యాబ్రడార్. గౌరి, లచ్చి వీధిలోంచి తెచ్చుకున్న అక్కాచెల్లెళ్లు. చిట్టి పామెరేనియన్. సాయంత్రం నారు నాటి నీళ్లు పెడితే, తెల్లారేసరికి బ్రూనో తడి మడి మధ్యలో పొట్ట ఆనించి పడుకుని ఉంటాడు. లచ్చి ఒక్కో మొక్కనూ వేరుతో సహా పీకి, కొరక్కుండా, తెచ్చి గుమ్మం ముందు పెడుతుంది. వీధిలో ఏ కుక్క అరిచినా నాలుగూ గోడ వెంబడే పరుగు. దారిలో బెండ ఉందా, గోంగూర ఉందా అని చూడవు.

వాటిని కట్టేయడం నాకిష్టం లేదు. మొదటినుంచీ అవి ఆడుకునే జాగా అది. నర్సరీవాళ్లు ఆముదం పిండి, ఎముకల పొడి ఇచ్చారు, ఇంకా వేయలేదు. ఏం వేయొచ్చు, ఏం వేయకూడదు, మడులు ఎట్లా కాపాడుకోవాలి? కుక్కలున్నవాళ్లు చెప్పండి ప్లీజ్.

బాణసవాడి

మేడమ్, మడి చుట్టూ కారప్పొడి చల్లండి. మళ్లీ అటు రావు.

కాడుగోడి పందిరి

కారం మాత్రం వద్దమ్మా. ముక్కుతో బతికే ప్రాణి అది. పాదాలకు అంటుకున్న కారం నాకినా, కళ్లు రుద్దుకున్నా ఎంత మంటో ఆలోచించండి. పైగా ఒక్క వాన పడితే అంతా కొట్టుకుపోతుంది.

ముందు ఆ ఆముదం పిండి సంచి ఈ రోజే ఇంట్లోంచి తీసేయండి. మిగతావన్నీ తర్వాత. ఆముదం గింజలో రిసిన్ అనే విషం ఉంటుంది, నూనె తీశాక పిండిలోనూ మిగలొచ్చు. ఎముకల పొడి వాసనకి కుక్కలకు నోరూరుతుంది. ఈ రెండూ కలిపి మడిలో వేస్తే మట్టి తవ్వి మరీ తింటాయి. వాంతులు, రక్త విరేచనాలు పట్టుకుంటాయి, విరుగుడు మందు లేదు. ఎముకల పొడి ఒక్కటే ఎక్కువగా తిన్నా కడుపులో ముద్దకట్టి అడ్డుపడొచ్చు. నేను వేప పిండి, బాగా మాగిన పశువుల ఎరువు, వర్మీ కంపోస్ట్ వాడతాను. పంటకు ఏ లోటూ లేదు. ఎరువు మట్టిలో కలిపాక కొన్నాళ్లు మడి కప్పి ఉంచుతాను.

ఇక మడులు. మా ఇంట్లో ఐదు కుక్కలు. నాటడానికి ముందు అవి ఏ దారిన తిరుగుతాయో కూర్చుని చూడండి. గోడ వెంబడి మట్టి గట్టిపడి బాట కనిపిస్తుంది. ఆ బాట వాటికే వదిలేయాలి. గోడ నుంచి రెండడుగులు వదిలి మీ పని మొదలుపెట్టండి. ఆ బాట మీదే సర్వి కట్టెలతో పందిరి వేసి సొర, బీర, చిక్కుడు పాకించండి. మొదళ్లకు మాత్రం జాలీ చుట్టండి, తీగ పైకి ఎక్కాక భయం లేదు. మా సొర పందిరి కింద మధ్యాహ్నం ఐదూ వరసగా పడుకుంటాయి, కాయలు వాటి తల మీదే వేలాడుతుంటాయి, ఒక్కటీ ముట్టుకోవు.

టమాటా, వంగ, ఆకుకూరలకు నేల మీద మడి వద్దు. సాలిడ్ బ్లాకులు రెండు వరసలు పేర్చితే 16 అంగుళాల ఎత్తు వస్తుంది. లోపల మట్టి నింపి, చుట్టూ మూడడుగుల వెల్డ్ మెష్ కట్టండి. విత్తనం వేసిన రోజు కోళ్ల జాలీ పైన పరిచి అంచులు మట్టిలో దించండి, మొలక కన్నాల్లోంచి వచ్చేస్తుంది. కాలికి గుచ్చుకుంటుంటే తవ్వబుద్ధి కాదు. మొక్క కాస్త లేవగానే తీసేయండి, లేకపోతే కాండం ఇరుక్కుంటుంది.

బ్రూనో పడుకునేది చల్లదనం కోసం. అది వాడి అవసరం, తిడితే పోదు. నీడలో ఒక గొయ్యి తీసి, మట్టీ ఇసుకా కలిపి, మధ్యాహ్నం తడపండి. లచ్చి కోసం అందులోనే ఒక క్యారెట్ ముక్క పాతిపెట్టండి. మడుల దగ్గర కాలు పెట్టినప్పుడు పిలిచి గొయ్యి దగ్గరకు తీసుకెళ్లండి, అక్కడ తవ్వినప్పుడు మెచ్చుకోండి.

మొక్కల మీద మూత్రం పోస్తే వెంటనే చెంబెడు నీళ్లు కొట్టండి, నైట్రోజన్ ఎక్కువై ఆకు మాడిపోతుంది. 2024 మార్చిలో తాగే నీళ్లు తోటలకు వాడితే 5,000 రూపాయల జరిమానా అని బెంగళూరు జలమండలి చెప్పినప్పటినుంచీ బియ్యం, కూరగాయలు కడిగిన నీళ్లు బకెట్‌లో పట్టి ఉంచడం మాకు అలవాటైంది, ఇలా కొట్టడానికి అవే వాడతాం.

ఉల్లి, వెల్లుల్లి అసలు వేయకండి. పచ్చివైనా వండినవైనా కుక్క రక్తంలో ఎర్ర కణాలను దెబ్బతీస్తాయి.

హెబ్బాళ్ నుంచి

పశువైద్యం చదువుతున్నాను అక్కా. కాడుగోడి వాళ్లు చెప్పినవన్నీ కరెక్ట్. రెండు మాటలు కలుపుతాను.

కుక్కల మలం కంపోస్ట్‌లో వేయొద్దు. నులిపురుగుల గుడ్లు మట్టిలో ఏళ్ల తరబడి బతుకుతాయి. రోజూ ఎత్తేయండి, నట్టల మందు తప్పకుండా వేయించండి. లెప్టో (ఎలుకల మూత్రం ద్వారా వ్యాపించే లెప్టోస్పైరోసిస్ జబ్బు) టీకా సంగతి మీ డాక్టర్‌ని అడగండి, వానాకాలం తడినేలలో ఆ జబ్బు మనుషులకూ రావచ్చు. ఆకుకూర బాగా కడిగి, వండుకునే తినండి.

వానలు మొదలైతే పెద్ద ఆఫ్రికా నత్తలు వస్తాయి. వాటికి షాపుల్లో ఇచ్చే మెటాల్డిహైడ్ గుళికలు కుక్క తింటే వణుకు, ఫిట్స్ వచ్చి ప్రాణం మీదకొస్తుంది. తడి గోనెసంచి కింద బొప్పాయి ఆకులు పెడితే రాత్రికి నత్తలు అక్కడికి చేరతాయి. గ్లౌజులు వేసుకుని ఏరి ఉప్పునీళ్లలో వేయండి. సంచి మెష్ లోపలే పెట్టండి.

రామమూర్తినగర్ టమాటా

చాలా థ్యాంక్స్ అండీ. ఆముదం పిండి, ఎముకల పొడి రెండు సంచులూ తిరిగి ఇచ్చేశాం. అత్తయ్యకి ఉల్లి సంగతి చెప్పాను, సరే అన్నారు. ఒక్కటే టెన్షన్: టమాటా ఆకు కూడా మంచిది కాదంటారు, నిజమేనా? బ్రూనో నోటికి ఏది దొరికితే అది తింటాడు.

కాడుగోడి పందిరి

నిజమే. ఆకు, కాడ, పచ్చికాయ ఎక్కువగా తింటే కడుపు పాడవుతుంది. బాగా పండిన కాయ ఒకటి తింటే భయపడక్కర్లేదు. అందుకే టమాటా మెష్ లోపలే ఉండాలి, కింది కొమ్మలు బయటికి రాకుండా కర్రకు కట్టండి. నారు మళ్లీ పోస్తారు కదా, హెసరఘట్ట ఐఐహెచ్‌ఆర్ (ఉద్యాన పంటల పరిశోధన సంస్థ) వాళ్ల అర్కా రక్షక్ చూడండి. ఆకుముడత వైరస్, ఎండు తెగులు, ఆకుమచ్చ తెగులు మూడింటినీ తట్టుకునే రకం. మందులు కొట్టే పని తగ్గుతుంది, కుక్కలున్న ఇంటికి కావలసింది అదే. బెండకి అర్కా అనామిక తీసుకోండి. మెష్ కట్టాకే నారు నాటండి.