న్యూయార్క్ పేటలను రోజంతా సైకిల్ మీద చూడాలని ఉంది: అనుభవం ఉన్నవారు సలహా ఇవ్వగలరా?

పెద్దచెరువు గట్టు (విజయనగరం):

అందరికీ నమస్కారం. నేను విజయనగరంలో సాంఘిక శాస్త్రం బోధించి, రెండేళ్ల క్రితం పదవీ విరమణ చేసిన ఉపాధ్యాయుణ్ణి. వయస్సు 64. మా అబ్బాయి న్యూయార్క్‌లో ఉద్యోగం చేస్తున్నాడు. సెప్టెంబరు నెలాఖరున నేనూ, నా భార్యా వాడి దగ్గరకు వెళ్లి ఆరు వారాలు ఉండబోతున్నాం. పేరున్న కట్టడాలన్నీ వాడే దగ్గరుండి చూపిస్తానంటున్నాడు. నా కోరిక మాత్రం వేరు. అక్కడ ఏ పేటలో ఎవరు ఉంటారో, ఎలా బతుకుతారో, ఒక పేట దాటి ఇంకొక పేటలో అడుగుపెడితే ఏమేమి మారుతాయో నా కళ్లతో చూడాలని ఉంది.

మా ఊళ్లో కోట దగ్గర సైకిల్ ఎక్కి, మూడు లాంతర్ల మీదుగా గంటస్తంభం దాకా తొక్కుకుంటూ వెళ్తే ఏ వీధిలో ఏ వ్యాపారం నడుస్తుందో, ఎక్కడ పాత ఇళ్లు మిగిలాయో, ఎక్కడ కొత్త దుకాణాలు లేచాయో ఇట్టే తెలిసిపోతుంది. కారులో వెళ్తే అవేవీ కంటికి ఆనవు, నడిచి వెళ్తే ఊరు సగమైనా తిరగకుండానే పొద్దుపోతుంది. న్యూయార్క్‌లో కూడా గైడు వెంట పదిమంది జట్టుగా బయలుదేరి, రోజంతా సైకిల్ మీద పేటలు తిరిగి వచ్చే యాత్రలు ఉన్నాయని, సుమారు 40 కిలోమీటర్లు తొక్కవలసి ఉంటుందని చదివినప్పటి నుంచి మనసంతా దాని మీదే ఉంది.

ఇంతదూరం నా మోకాళ్లు సహకరిస్తాయా, రోడ్డుకు కుడివైపున నడిచే ఆ వాహనాల మధ్య నాలాంటివాడు తొక్కగలడా అన్నవి నా ప్రధాన సందేహాలు. మేము శాకాహారులం కాబట్టి మధ్యాహ్న భోజనం సంగతి కూడా చెప్పండి. మా అబ్బాయి "ఈ వయసులో ఎందుకు నాన్నా" అంటున్నాడు. వాడికి చెప్పడానికి నా దగ్గర గట్టి సమాధానం ఉండాలి.

నాగావళి తీరం (శ్రీకాకుళం):

మాస్టారికి నమస్కారం. రెండేళ్ల క్రితం మా అక్క దగ్గరకు వెళ్లినప్పుడు నేను అటువంటి యాత్ర ఒకటి చేశాను. అంతకు ముందు నా సైకిల్ అనుభవమంతా చదువుకునే రోజుల్లో ఇంటి నుంచి కాలేజీకి వెళ్లి రావడమే కాబట్టి, మీ సందేహాలు నాకు బాగా అర్థమవుతున్నాయి.

దూరం గురించి బెంగ పెట్టుకోకండి. ఉదయం తొమ్మిదికి బయలుదేరి సాయంత్రం నాలుగు దాటాక తిరిగి వచ్చే ఆ యాత్రలో ప్రతి అరగంటకూ ఎక్కడో ఒకచోట ఆగుతారు, గైడు చెప్పేది వింటూ నీళ్లు తాగి మళ్లీ కదులుతారు, భోజనానికి దాదాపు గంటసేపు కూర్చుంటారు. నాకైతే కాళ్లకంటే ముందు చేతులూ, కళ్లూ అలసిపోయాయి. కళ్లు ఎందుకంటే, మనం పుట్టినప్పటి నుంచి రోడ్డు దాటేటప్పుడు కుడివైపు చూడటానికి అలవాటుపడ్డాం. అక్కడ ముందుగా ఎడమవైపు చూడాలి. ఆ ఒక్క అలవాటును ప్రతి మలుపులోనూ మనసుకు గుర్తుచేసుకోవలసి వచ్చింది.

చేతుల సంగతి ఇంకా ముఖ్యం. మన సైకిళ్లకు కుడిచేతి బ్రేకు ముందు చక్రానిది, ఎడమచేతిది వెనక చక్రానిది. అమెరికాలో ఇది తారుమారుగా ఉంటుంది. ఈ మాట బయలుదేరే ముందు మాకు ఎవరూ చెప్పలేదు. చైనాటౌన్‌లో ఒక దుకాణం ముందు కూరగాయల పెట్టెలు దించుతున్న మనిషి హఠాత్తుగా దారిలోకి వచ్చేసరికి, నేను అలవాటుకొద్దీ ఎడమచేతి బ్రేకును గట్టిగా బిగించాను. ముందు చక్రం ఉన్నచోటే పట్టేసింది, వెనక చక్రం నేల వదిలి లేచింది. ఎలాగో ఒక కాలు నేలకు ఆనించగలిగాను కాబట్టి మోకాలు చెక్కుకుపోవడంతో సరిపోయింది. మీరు సైకిల్ చేతికి తీసుకోగానే కదలకుండా నిలబడి, రెండు బ్రేకులనూ విడివిడిగా నొక్కి, ఏది ఏ చక్రానిదో చూసుకోండి. తరువాత ఖాళీ స్థలంలో నాలుగు చుట్లు తిరిగి చూసుకున్నాకే జట్టు వెనక బయలుదేరండి.

ఇక మీరు అడిగిన పేటల విషయం. మేము నగరం నడిబొడ్డున ఉన్న మాన్‌హట్టన్ దక్షిణ భాగంలో మొదలుపెట్టి, చైనాటౌన్ మీదుగా లోయర్ ఈస్ట్ సైడ్‌కు వెళ్లాం. అక్కడ ఆర్చర్డ్ వీధిలో 97వ నంబరు ఇంటి ముందు గైడు చాలాసేపు ఆపారు. 1863లో కట్టిన ఆ అద్దె ఇళ్ల భవనంలో 1935 వరకు ఇరవైకి పైగా దేశాల నుంచి వలస వచ్చినవారు సుమారు 7,000 మంది కాపురం చేశారట. ఇప్పుడది టెనెమెంట్ మ్యూజియంలో భాగం. మనవైపు నుంచి ఖరగ్‌పూర్‌కు, అప్పట్లో రంగూన్‌కు వలసపోయిన కుటుంబాల కథలు వింటూ పెరిగినదాన్ని కాబట్టి, ఆ ఇరుకు కిటికీల కింద నిలబడినప్పుడు నాకు గొంతు పూడుకుపోయింది.

అక్కడి నుంచి 1903లో ప్రారంభమైన విలియమ్స్‌బర్గ్ వంతెన ఎక్కి నదికి అవతల ఉన్న బ్రూక్లిన్‌లోకి దిగాం. రెండు కిలోమీటర్లకు పైగా ఉండే ఆ వంతెన మీద సైకిళ్లకు ప్రత్యేకమైన దారి ఉంది, పక్కనే రైళ్లు పోతుంటాయి. ఎక్కేటప్పుడు తేలిక గేరు వేసుకుని నింపాదిగా తొక్కితే చాలు. మీరు చూడాలనుకుంటున్నది సరిగ్గా ఈ వంతెన దిగాకే కనబడుతుంది. దక్షిణ విలియమ్స్‌బర్గ్‌ ఆచారాలను గట్టిగా పాటించే యూదుల పేట. అక్కడి లీ అవెన్యూలో దుకాణాల బోర్డులన్నీ హీబ్రూ లిపిలో ఉంటాయి, కానీ ఆ భాష తూర్పు ఐరోపా యూదులు మాట్లాడుకునే యిడ్డిష్. నల్లటి పొడవాటి కోట్లు వేసుకున్న మగవాళ్లు, పిల్లల బండ్లు తోసుకుంటూ వెళ్లే తల్లులు, యిడ్డిష్ అక్షరాలున్న పసుపుపచ్చ స్కూలు బస్సులు కనబడతాయి. ఒక అపార్ట్‌మెంటుకు బాల్కనీలు ఒకదాని మీద ఒకటి వరుసగా కాకుండా పక్కకు జరిపి కట్టి ఉండటం చూసి కారణం అడిగాను. సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో వచ్చే సుక్కోత్ పండుగకు ప్రతి ఇంటివారూ పందిరి వేసుకుని, పైన పచ్చికొమ్మలు కప్పి, అందులో కూర్చుని భోజనం చేస్తారని, ఆ పందిరికీ ఆకాశానికీ మధ్య ఏ అడ్డూ ఉండకూడదు కాబట్టి బాల్కనీలను అలా కట్టుకున్నారని గైడు చెప్పారు. మీరు వెళ్లేది ఆ రోజుల్లోనే కాబట్టి పందిళ్లు కనబడే అవకాశం ఉంది. వారికి శుక్రవారం సూర్యాస్తమయం నుంచి శనివారం రాత్రి వరకు విశ్రాంతి దినం, ఆ సమయంలో దుకాణాలన్నీ మూసి ఉంటాయి. అందువల్ల మీ యాత్ర శనివారం పెట్టుకోకండి. మనుషులను ఫోటోలు తీయవద్దని కూడా మా గైడు గట్టిగా చెప్పారు, అది న్యాయమైన మాటే.

అక్కడి నుంచి బ్రూక్లిన్‌లోని బ్రాడ్‌వే దాటగానే, రైలు వంతెన కింద ఉన్న ఆ ఒక్క రోడ్డు దాటగానే, చెవిలో పడే భాష స్పానిష్ అయిపోయింది. ఇంకా ఉత్తరానికి పోతే బెడ్‌ఫర్డ్ అవెన్యూలో కాఫీ హోటళ్లు, యువతీయువకులు. ఆ తరువాత గ్రీన్‌పాయింట్‌లో పోలండు వారి రొట్టెల దుకాణాలు. ఇదంతా గంటన్నరలోపే జరిగింది. సైకిల్ మీద ఉండబట్టే ఆ హద్దులు ఒక్కొక్కటిగా తెలిశాయి.

భోజనానికి భయం లేదు. పిజ్జా, బేగెల్ అనే గుండ్రటి రొట్టె, ఫలాఫెల్ అనే శనగల వడ ప్రతి పేటలోనూ దొరుకుతాయి, కానీ శాకాహారులమని ముందురోజే నిర్వాహకులకు రాయండి. మీతో వచ్చే ఆడవారెవరైనా ఉంటే చుడీదారు పైజామా కాలిని చైను వైపు రబ్బరు బ్యాండుతో బిగించుకోమని, చున్నీ తీసి సంచిలో పెట్టుకోమని చెప్పండి.

కొత్తపేట కుర్రాడు (విజయనగరం, ప్రస్తుతం క్వీన్స్):

మాస్టారూ, నేను మన ఊరివాణ్ణే. ఐదేళ్లుగా న్యూయార్క్‌లోనే బ్రూక్లిన్ పక్కనున్న క్వీన్స్‌లో ఉంటూ ఆఫీసుకు వారంలో మూడు రోజులు సైకిల్ మీదే వెళ్తున్నాను. పైన అక్కయ్యగారు రాసినదంతా నిజం. అయితే ఒక్క విషయంలో నా అభిప్రాయం వేరు. ఇటువంటి యాత్రలలో నేను చూసినవన్నీ మాన్‌హట్టన్ చుట్టూ, బ్రూక్లిన్ అంచున తిరిగి సెంట్రల్ పార్కు మీదుగా వెనక్కి వచ్చేస్తాయి. పార్కు అందమైనదే, 2018 నుంచి లోపలి రోడ్డు మీదకు కార్లను రానివ్వడం లేదు కూడా. కానీ మీరు వెతుకుతున్న పేటలు క్వీన్స్‌లో ఉన్నాయి. బయలుదేరే ముందు "మీరు ఎన్ని పేటల్లో సైకిల్ దిగి నడిపిస్తారు" అని నిర్వాహకులను అడగండి. ఎన్ని కట్టడాలు చూపిస్తామో చెప్పేవారికంటే, ఎక్కడ ఎంతసేపు ఆగుతామో చెప్పేవారి దగ్గర డబ్బు కట్టడం మంచిది.

క్వీన్స్‌కు 7వ నంబరు రైలులో మీరే వెళ్లవచ్చు. సాంఘిక శాస్త్రం చెప్పినవారు కాబట్టి అక్కడి ఫ్లషింగ్ పేటలోని బౌన్ వీధిని తప్పకుండా చూడాలి. డచ్చి పాలనలో క్వేకర్లు అనే క్రైస్తవ శాఖవారిని నిషేధించినప్పుడు, ఎవరి మతం వారిని ఆచరించుకోనివ్వాలని ఫ్లషింగ్ గ్రామస్థులు 1657లో గవర్నరుకు విజ్ఞప్తి రాశారు. తరువాత తన ఇంట్లో క్వేకర్ల సమావేశాలు జరగనిచ్చి శిక్షకు గురైన జాన్ బౌన్ ఇల్లు ఈ వీధిలోనే నేటికీ ఉంది. అదే వీధిలో కొంతదూరం వెళ్తే 1977లో ప్రతిష్ఠ జరిగిన మహావల్లభ గణపతి దేవస్థానం వస్తుంది. దేవస్థానం క్యాంటీనులో దోసె దొరుకుతుంది, పిన్నిగారిని కూడా తీసుకురండి.

రోడ్డు నియమాలు కొన్ని చెబుతాను. పెద్దవాళ్లు ఫుట్‌పాత్ మీద తొక్కకూడదు, ఎదురు దిశలో తొక్కకూడదు, ఎర్ర దీపం పడితే ఆగవలసిందే. పెద్దవారికి హెల్మెట్ చట్టప్రకారం తప్పనిసరి కాకపోయినా అడిగి తీసుకుని పెట్టుకోండి. ఆగి ఉన్న కారును ఆనుకుని ఎప్పుడూ వెళ్లకండి, ఎవరైనా చూసుకోకుండా తలుపు తీస్తే తప్పించుకోవడానికి చోటుండదు. చాలా మలుపుల దగ్గర నేనే ఒకటి రెండుసార్లు వెనక్కి తిరిగి చూస్తాను, ఎందుకంటే భోజనాలు చేరవేసే బ్యాటరీ సైకిళ్లు చప్పుడు లేకుండా పక్కనుంచి దూసుకుపోతాయి.

తెల్లవారు సవారీ (విజయనగరం):

మాస్టారూ, మీకు ఇంకా సమయం ఉంది కాబట్టి ఇక్కడే సాధన మొదలుపెట్టండి. మోకాలి నొప్పికి చాలాసార్లు కారణం వయస్సు కాదు, సీటు మరీ కిందికి ఉండటం. సీటు మీద కూర్చుని మడమను పెడల్ మీద పెట్టి పూర్తిగా కిందికి దించినప్పుడు కాలు తిన్నగా సాగాలి. అప్పుడు పాదం ముందు భాగంతో తొక్కితే మోకాలు కొద్దిగా మాత్రమే వంగుతుంది. ఈ ఎత్తులో సిగ్నల్ దగ్గర రెండు పాదాలూ నేలకు పూర్తిగా ఆనవు, అందువల్ల సీటు మీంచి ముందుకు దిగి నిలబడటం అలవాటు చేసుకోవాలి.

మొదటి రెండు వారాలు రోజు విడిచి రోజు గంటసేపు తొక్కండి. తరువాత ఆదివారాలు తెల్లవారుజామునే బయలుదేరి రామతీర్థం వెళ్లి రండి, రానూపోనూ పాతిక కిలోమీటర్ల దాకా అవుతుంది. రాముడి దర్శనం చేసుకుని, కొండ కింద కాసేపు కూర్చుని వస్తే యాత్రలో ఆగి ఆగి తొక్కే పద్ధతి కూడా అలవడుతుంది. ఎత్తు బ్రిడ్జి మీద గేరు తగ్గించి, ఆయాసం రాకుండా ఎక్కడం నేర్చుకోండి. రక్తపోటుకు మందులు వాడుతుంటే మాత్రం ముందుగా మీ డాక్టరును అడగండి.

కుడివైపు తొక్కడాన్ని మన రోడ్ల మీద పొరపాటున కూడా ప్రయత్నించవద్దు. సెలవురోజు ఏదైనా హైస్కూలు మైదానంలో సున్నంతో కూడలి గీసుకుని, అక్కడ ఎడమకు తిరగడమంటే ఎదురు వచ్చే వాహనాలను దాటి తిరగడమని శరీరానికి అలవాటయ్యేదాకా తిరగండి. పిల్లలకు పాఠం చెప్పిన మైదానమే అయితే మరీ మంచిది.

పెద్దచెరువు గట్టు (విజయనగరం):

ముగ్గురికీ నా హృదయపూర్వక కృతజ్ఞతలు. అమ్మా, మీరు రాసిన బాల్కనీల సంగతి నా భార్యకు చదివి వినిపించాను. ఆవిడకు సైకిల్ రాదు కాబట్టి ఆ రోజు మా అబ్బాయితో కలిసి ఆర్చర్డ్ వీధిలోని మ్యూజియం చూస్తానన్నారు. బాబూ, ఫ్లషింగ్‌కు మాత్రం ఇద్దరం కలిసే వస్తాం.

మా అబ్బాయి ఒప్పుకున్నాడు. సోమవారానికి జట్టులో ఒక చోటు అడగమన్నాను. సీటు రెండంగుళాలు పైకి లేపాక నిన్న పది కిలోమీటర్లు తొక్కాను, మోకాలు మాట్లాడలేదు. నా సైకిల్ బ్రేకులు తీగలవి కావడంతో, సైకిల్ షాపు మేస్త్రీ చేత రెండు తీగలనూ అటూ ఇటూ మార్పించాను. ఇప్పుడు ముందు చక్రం బ్రేకు నా ఎడమచేతికి వచ్చింది. బయలుదేరేలోపు చేతులకు అలవాటవుతుందని ఆశ.

నాగావళి తీరం (శ్రీకాకుళం):

మంచి ఆలోచన చేశారు మాస్టారూ. అయితే ఎడమచేతి బ్రేకుకు ఈ రోజే ఒక ఎర్రగుడ్డ పీలిక కట్టండి, ఇంట్లో అందరికీ చెప్పండి. మీరు లేని సమయంలో వీధి చివరి దుకాణానికి వెళ్దామని ఎవరైనా ఆ సైకిల్ తీస్తే, చైనాటౌన్‌లో నాకు జరిగినదే వారికీ జరుగుతుంది. ప్రయాణానికి ముందురోజు తీగలను మళ్లీ యథాస్థానంలో వేయించి వెళ్లండి.