మీరు ఐసీనా, ఏఐనా? ఎయిర్ ఇండియా పాత ముచ్చట్లు ఉంటే ఇక్కడ వేయండి

బేగంపేట_బాబు:
మొన్న ఇల్లు మారుతూ అటక మీద ట్రంకుపెట్టె దింపితే నాన్న పాత సామాన్లు బయటపడ్డాయి. కార్బన్ అంటిన ఎర్ర కాగితాల టికెట్లు, ఐసీ అని అచ్చేసిన బ్యాగేజీ ట్యాగులు, గ్రీజు మరకలున్న ఒక నోట్‌బుక్. నాన్న ఇండియన్ ఎయిర్‌లైన్స్ ఇంజనీరింగ్ సైడ్, బేగంపేటలో చేరి సర్వీసులో ఎక్కువ భాగం అక్కడే చేశారు. 2007లో ఎయిర్ ఇండియాలో కలిపేశారు కాబట్టి రిటైరయ్యే టైంకి ఐడీ కార్డు మీద ఎయిర్ ఇండియా అనే ఉండేది, కానీ ఈరోజుకీ ఎవరన్నా అడిగితే "నేను ఐసీ" అంటారు, కులం చెప్పినట్టు 😀 పాత స్టాఫ్ ఇద్దరు కలిస్తే మొదటి ప్రశ్న కూడా అదేనట, మీరు ఐసీనా ఏఐనా అని. కొత్తవాళ్ళ కోసం చెప్తున్నా, ఐసీ అంటే దేశం లోపల తిరిగే ఇండియన్ ఎయిర్‌లైన్స్, ఏఐ అంటే ఫారిన్ వెళ్ళే ఎయిర్ ఇండియా. పని చేసినవాళ్ళు, ఎక్కినవాళ్ళు, వాళ్ళ పిల్లలు, ఎవరైనా సరే గుర్తున్నది రాయండి.

గోదారి_గట్టు:
మంచి టాపిక్ తీశావ్ తమ్ముడూ. అయితే ఐసీ ఏఐ అని విడగొట్టే ముందు ఒక మాట, రెండిట్లోనూ టాటా రక్తం ఉంది. 1932 అక్టోబర్ 15న జేఆర్‌డీ టాటా కరాచీలో చిన్న పుస్ మోత్ విమానం ఎక్కి అహ్మదాబాద్ మీదుగా బొంబాయి జుహూలో దిగాడు, ఎయిర్ ఇండియాకి అదే మొదలు. లండన్ నుంచి కరాచీ దాకా ఇంపీరియల్ ఎయిర్‌వేస్ తెచ్చిన ఉత్తరాలు అవి. బొంబాయి నుంచి నెవిల్ వింట్‌సెంట్ అనే ఆయన బళ్ళారి మీదుగా మద్రాసు పట్టుకెళ్ళాడు. బళ్ళారి అప్పట్లో మద్రాసు రాష్ట్రంలోదే, అంటే మనవాళ్ళు విమానానికి పరాయివాళ్ళేం కాదు, మొదటి రోజు నుంచీ దారిలో ఉన్నారు. అహ్మదాబాద్‌లో పెట్రోలు డబ్బాలు ఎడ్లబండి మీద తెచ్చి పోశారంటే ఊహించుకోండి. మొదటి ఏడాది ఎక్కిన ప్రయాణికులు మొత్తం 155 మంది, మన ఊళ్ళో ఒక పెళ్ళికి ఇంతకంటే ఎక్కువ మంది వస్తారు. అయినా 60 వేల రూపాయల లాభం. ఆ లాభం ఉత్తరాల పుణ్యమే.

సికింద్రాబాద్_శీను:
హైదరాబాద్ ముచ్చట మర్చిపోతున్నరు అన్నా. మనకు సొంతంగ ఎయిర్‌లైన్ ఉండె, డెక్కన్ ఎయిర్‌వేస్. నిజాం సర్కారు, టాటాలు కలిసి పెట్టింది, బేగంపేట అడ్డా. ప్రేమ్ మాథుర్ అని మన దేశంల కమర్షియల్ లైసెన్స్ తీస్కున్న మొదటి ఆడ పైలట్, ఆమెకు నౌకరీ ఇచ్చింది డెక్కన్ ఎయిర్‌వేసే, మిగిలినోళ్ళందరు ఆడపిల్ల నడిపితె ఎవ్వరు ఎక్కరని వెనక్కి పంపిండ్రు. 1953ల నెహ్రూ సర్కారు చట్టం తెచ్చి కంపెనీలన్నింటినీ జాతీయం చేసినప్పుడు దేశం లోపల తిరిగే ఎనిమిదింటిని కలిపి ఇండియన్ ఎయిర్‌లైన్స్ చేసిండ్రు, అండ్ల మన డెక్కన్ ఒకటి, బిజూ పట్నాయక్ కళింగ ఎయిర్‌లైన్స్ ఇంకొకటి. అంటె మీ నాయిన చెప్పే ఐసీ కూడా అసలుకు ఎనిమిది ముక్కల బొంతనే. గట్ల చూస్తె 2007ది మొదటి పెళ్ళి కాదు.

బేగంపేట_బాబు:
ఇది నాన్నకి చదివి వినిపించా. "ఆ ఎనిమిదీ కలిసినప్పుడు గొడవ తక్కువ, ఎందుకంటే అందరి దగ్గరా అవే డకోటా విమానాలు, అదే సామాను" అన్నారు. ఇంకోటి చెప్పారు, నేను ఎప్పుడూ వినలేదు. 1949 నుంచి రాత్రిపూట టపా విమానాలు నడిచేవట. ఢిల్లీ, బొంబాయి, కలకత్తా, మద్రాసు నుంచి సాయంత్రం బయల్దేరి నాలుగూ అర్ధరాత్రి నాగ్‌పూర్‌లో దిగేవి, అక్కడ సంచులు ఒకదాంట్లోంచి ఇంకోదాంట్లోకి మార్చుకుని తెల్లారేసరికి ఎవరి ఊరికి వాళ్ళు తిరిగొచ్చేవాళ్ళు. ఇవాళ కొరియర్ కంపెనీలు పెద్ద తెలివిగా చెప్పుకునే పద్ధతి డకోటాల కాలంలోనే మనవాళ్ళు చేసి చూపించారు.

రాయచోటి_రాజా:
మా నాయిన కథ చెప్తా. 90లో కువైట్‌లో డ్రైవర్‌గా ఉన్న్యాడు. ఆగస్టు 2న ఇరాక్ సైన్యం దిగింది. మాకు ఇంట్లో ఫోన్ లేదు, టీవీ లేదు, రేడియోలో వార్తలు వినడం, పోస్టుమాన్ కోసం వాకిట్లో కూర్చోవడం అంతే. కువైట్‌లో విమానం దిగే వీల్లేక జనాన్ని బస్సుల్లో బస్రా, బాగ్దాద్ మీదుగా జోర్డాన్ దాకా తోలినారు, అమ్మాన్ నుంచి ఎయిర్ ఇండియా ఎక్కించుకుని బొంబాయిలో దింపింది. 59 రోజుల్లో 488 విమానాలు, లక్షా పదకొండు వేల మందికి పైన, గిన్నిస్ బుక్‌లో కూడా ఎక్కింది. మా నాయినకి ఈ లెక్కలేం తెలీవు, ఆయన చెప్పేది ఒకటే, ఎడారిలో టెంట్లలో పడుండి పడుండి విమానం మెట్లు ఎక్కినాక ఎయిర్‌హోస్టెస్ నమస్తే పెడితే ముందు ఒకాయన ఏడ్చినాడంట, ఆయన్ని చూసి వరసంతా ఏడ్చినారంట. బొంబాయిలో దిగి రైలెక్కి కడపకి వచ్చేసరికి చేతిలో ఒక చిన్న సంచి, ఎనిమిదేండ్ల సంపాదన అక్కడే పోయింది. మళ్ళీ 92లో అదే కువైట్‌కి పోయినాడు, అది వేరే కథ. మా ఇంట్లో ఎవరైనా ఎయిర్ ఇండియా గురించి నోరు జారితే ఇప్పటికీ ఆయన లేచి బయటికి పోతాడు.

డల్లాస్_పద్మ:
రాజా గారూ చదువుతుంటే కళ్ళు తడిశాయి. మాది ఇంత పెద్ద కథ కాదు. అమ్మానాన్నలు మొదటిసారి వచ్చినప్పుడు ఇద్దరికీ ఇంగ్లీష్ రాదు, హిందీ అంతంతమాత్రం, అందుకని ఇండియన్ విమానమే కావాలని పట్టుబట్టి ఎయిర్ ఇండియా బుక్ చేశాం. అమ్మకి మోకాళ్ళు బానే ఉన్నాయి కానీ వీల్‌చైర్ పెట్టాం, మీరందరూ పెట్టేది ఎందుకో నాకు తెలుసు, దారి చూపించే మనిషి దొరుకుతాడని 😄 ఢిల్లీలో మారే దగ్గరే మా భయమంతా. 2021 జనవరిలో హైదరాబాద్ నుంచి చికాగోకి నేరుగా విమానం వేసినప్పుడు మా వాట్సాప్ గ్రూపులో దసరా దీపావళి ఒకేరోజు వచ్చినట్టయింది, వారానికి ఒకటే అయినా సరే. ఎక్కువ కాలం నడవలేదు, అదే బాధ. ఇంకో ప్రయాణంలో ఇంకో కంపెనీలో (పేరు అడక్కండి) రెండు సూట్‌కేసులు పోయి ఆవకాయ జాడీతో సహా పదకొండు రోజులకి వచ్చాయి, నూనె మొత్తం నాన్న పంచెలకే పట్టింది.

విండోసీటు_18ఏ:
నేను ఫ్లైట్ డిస్పాచ్‌లో చేస్తా, అంటే విమానం వెళ్ళే దారి, ఇంధనం లెక్కలు చూసే పని, ఏ కంపెనీ అని చెప్పను. ఆ నేరుగా వెళ్ళే విమానాలు ఎందుకు మొదలై ఎందుకు ఆగిపోతాయో ఎవరూ మాట్లాడరు కాబట్టి రాస్తున్నా. 777 లాంగ్ రేంజ్ లాంటి విమానం 15, 16 గంటలు ఎగరాలంటే బయల్దేరేటప్పుడు దాని బరువులో పెద్ద వాటా ఇంధనమే, ఆ ఇంధనాన్ని మోయడానికి మళ్ళీ ఇంధనం కాలుతుంది, రెండు జతల పైలట్లు కావాలి, ఒక జత నిద్రపోతుంటే ఇంకో జత నడపాలి. ఎదురుగాలి గట్టిగా ఉన్న రోజు కొన్ని సీట్లు ఖాళీగా పంపాల్సొస్తుంది, టికెట్ ఉన్నవాడికి ఆ సంగతి అర్థం కాదు, తిట్లన్నీ కౌంటర్ అమ్మాయికి. గాలి వాటం ఎంత ముఖ్యమంటే 2016లో ఎయిర్ ఇండియా ఢిల్లీ శాన్‌ఫ్రాన్సిస్కో విమానాన్ని అట్లాంటిక్ వైపు మానేసి పసిఫిక్ వైపు తిప్పింది, దూరం 1,400 కిలోమీటర్లు పెరిగింది, టైం మాత్రం రెండు గంటల దాకా తగ్గింది, ఎందుకంటే గాలి వెనకనుంచి తోస్తుంది.

ఇక ఆకాశంలో గీతలు. 2019లో పాకిస్తాన్ గగనతలం మూసేస్తే నెలల తరబడి చుట్టు తిరిగారు, 2025 ఏప్రిల్ నుంచి మళ్ళీ అదే తంతు, అమెరికా వెళ్ళేవి కొన్ని వియన్నాలో దిగి ఇంధనం పోసుకుని వెళ్ళాల్సొచ్చింది. రష్యా మీదుగా వెళ్ళే వీలు అమెరికా కంపెనీలకి లేదు, ఎయిర్ ఇండియాకి ఉంది, అది పెద్ద లాభమే కానీ 2023 జూన్‌లో ఇంజిన్ ఇబ్బందొచ్చి ఒక విమానం రష్యా తూర్పు కొసన మగదాన్‌లో దిగింది చూడండి, 216 మంది ప్రయాణికులు, హోటల్ గదులు చాలక స్కూల్లో పరుపులు వేశారు, ముంబై నుంచి ఇంకో విమానం వెళ్ళి తీసుకెళ్ళింది. దారి దగ్గరైతే సరిపోదు, దారిలో దిగాల్సొస్తే అక్కడ ఏముందో కూడా చూసుకోవాలి, మా ఉద్యోగం సగం అదే.

గోదారి_గట్టు:
విండోసీటు గారూ బాగా చెప్పారు. ఆ 777 లాంగ్ రేంజ్‌లు ఎనిమిది కొని అందులో ఐదు అబుదాబి కంపెనీ ఎతిహాద్‌కి అమ్మేశారు, మళ్ళీ అమెరికాకి నేరుగా వెళ్ళాలంటే అవే కావాల్సొచ్చాయి. ఇదండీ మన ప్లానింగ్. నన్నడిగితే ఎయిర్ ఇండియాని ముంచింది విలీనం కాదు, దానికి ముందు రెండు కంపెనీలూ కలిపి ఆర్డర్ పెట్టిన 111 విమానాలు. ఇటు 68 బోయింగ్‌లు, అటు 43 ఎయిర్‌బస్‌లు, అన్నీ అప్పు మీదే. పైగా గల్ఫ్ కంపెనీలకి మన ఊళ్ళకి దిగే సీట్లు ధారాళంగా ఇచ్చేశారు.

బేగంపేట_బాబు:
అన్నా ఇక్కడ ఒప్పుకోను. అప్పు సంగతి నిజమే, కాదనను, కానీ ఇంట్లో చూసినవాణ్ణి కాబట్టి చెప్తున్నా, ఒకే కప్పు కింద రెండు పొయ్యిలు వెలిగితే ఆ ఇల్లు ఎట్లా ఉంటుందో అట్లా ఉండేది. వీళ్ళది ఎయిర్‌బస్, వాళ్ళది బోయింగ్, కాబట్టి ఇక్కడి మెకానిక్ అక్కడ పనికిరాడు, అక్కడి స్పేర్ ఇక్కడ పట్టదు. జీతాల లెక్క వేరు, ప్రమోషన్ లెక్క వేరు, యూనియన్లు వేరు. 2007లో కలిపినా ఐసీ అనే కోడ్ 2011 దాకా నడిచింది. అదే ఏడాది ఐసీ పైలట్లు మాకూ ఏఐ వాళ్ళ జీతమే ఇవ్వాలని సమ్మె చేశారు. తర్వాతి ఏడాది ఏఐ పైలట్లు కొత్త బోయింగ్ డ్రీమ్‌లైనర్ ట్రైనింగ్ ఐసీ వాళ్ళకి ఎట్లా ఇస్తారని సమ్మె, అది 58 రోజులు. మధ్యలో జస్టిస్ ధర్మాధికారి కమిటీ కూర్చుని ఎవరు ఎవరికి సీనియర్ అని తేల్చాల్సొచ్చింది. లోగో మాత్రం అందంగా కలిపారు, హంస లోపల కోణార్క్ చక్రం, ఎర్ర హంస వాళ్ళది చక్రం మాది అనేవారు నాన్న.

సికింద్రాబాద్_శీను:
మా మేనత్త ఐసీల కేబిన్ క్రూ ఉండె, ఫిరోజ్‌గూడ ట్రైనింగ్ సెంటర్‌ల నేర్చుకున్నది. అక్కడ పైలట్ల సిమ్యులేటర్లు కూడా ఉండె, దేశమంతటి నుంచి పైలట్లు బాలానగర్ చౌరస్తా దిక్కు వచ్చి నేర్చుకొని పోయెటోళ్ళు, చుట్టుపక్కలోళ్ళకు లోపట ఏమున్నదో తెల్వదు. అత్త పుణ్యాన నేను చిన్నప్పుడు సబ్‌లో టికెట్ మీద ఢిల్లీ పోయిన. సబ్‌లో అంటె సీటు మిగిలితేనే ఎక్కనిచ్చేది, స్టాఫ్ ఫ్యామిలీలకు ఇచ్చెటోళ్ళు. చెప్పులేసుకొని పోవద్దు, నీట్‌గ షర్టు టక్ చేసుకోవాలె, కౌంటర్ క్లోజయ్యేదాక మూలకు నిలబడాలె. రెండ్రోజులు ఎయిర్‌పోర్ట్‌కు పోయి ఇంటికి వాపసొచ్చినం, మూడో రోజు మాకు మూడు సీట్లు దొరికినయి, అవి కూడా మూడు మూలలకు 😂 ఏడుసుకుంట పోయిన, పక్క సీటు పెద్దాయన తన చాక్లెట్ నాకిచ్చిండు.

బేగంపేట_బాబు:
సబ్‌లో! ఆ మాట విని ఎన్నేళ్ళయింది శీనన్నా. మా అమ్మ అయితే పెట్టె సర్దేటప్పుడే "రైలు టికెట్ కూడా తీయండి" అనేది.

డల్లాస్_పద్మ:
ఇప్పుడు మళ్ళీ టాటాలకే వెళ్ళింది కదా, తేడా కనిపిస్తోందా ఎవరికైనా?

విండోసీటు_18ఏ:
2022 జనవరి 27న చేతులు మారింది, 18 వేల కోట్ల బిడ్, అందులో నగదు 2,700 కోట్లే, మిగతాది అప్పు నెత్తికెత్తుకోవడం. తర్వాత 470 విమానాల ఆర్డర్, 2024 నవంబర్‌లో టాటాల ఇంకో ఎయిర్‌లైన్ విస్తారాని కూడా కలిపేశారు. అంటే మళ్ళీ ఇంకో పెళ్ళి. పాత స్టాఫ్ ఐసీ ఏఐ అనేవాళ్ళు, రేపటి స్టాఫ్ ఏఐ విస్తారా అనుకుంటారేమో. అహ్మదాబాద్‌లో 2025 జూన్ 12న జరిగినదాని గురించి ఇక్కడ మాట్లాడదలచుకోలేదు, 241 మంది విమానంలోనే పోయారు, మా పనిలో ఉన్నవాళ్ళం ఆ రోజు నుంచి ప్రతి టేకాఫ్‌కీ స్క్రీన్ ముందు కాసేపు ఎక్కువ నిలబడుతున్నాం.

రాయచోటి_రాజా:
🙏

గోదారి_గట్టు:
🙏 బాబూ, నాన్నగారి నోట్‌బుక్‌లో ఏముందో చెప్పనేలేదు.

బేగంపేట_బాబు:
చాలావరకు పార్ట్ నంబర్లు, టైర్ల లెక్కలు అన్నా. ఐసీ వాళ్ళు 89లో తెచ్చిన ఏ320లకి ఒక ప్రత్యేకత ఉంది, మన చిన్న ఊళ్ళ రన్‌వేలు బరువు తట్టుకోవని వెనక కాలికి రెండు చక్రాల బదులు నాలుగేసి చక్రాలు పెట్టించారు, ప్రపంచంలో ఇంకెవ్వరూ అట్లా తీసుకోలేదు. ఆ మాట ఇక్కడ గొప్పగా రాద్దామని నాన్నని అడిగితే ఆయన నోట్‌బుక్ లాక్కుని ఒక పేజీ తీసి చూపించారు, "గొప్పేముందిరా, అందరూ నాలుగు టైర్లు మార్చి ఇంటికెళ్తుంటే మేం ఎండలో ఎనిమిది మార్చేవాళ్ళం" అని.